సాంబయ్య జాలి వరండా

సాంబయ్య ముప్పై రెండేళ్లు బొగ్గుబావిలో టింబర్‌మన్‌గా చేశాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. రిటైరయ్యాక మంచిర్యాలలో ఈ పెంకుటిల్లు కొన్నది ముందున్న జాలి వరండా చూసే. నాలుగు కర్ర గుంజలు, మూడు వైపులా దోమల జాలి. దుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో గోడల మధ్య పడుకుంటే ఆయనకు గాలి ఆడదు. పన్నెండేళ్లుగా పడక అక్కడే.

ఈ వానలకు జాలి తుప్పుపట్టి చిరిగింది. గుంజలను చెదలు తిన్నాయి. వడ్రంగి సిద్దిరాములు ఒక గుంజలో ఉలి గుచ్చితే పిడిదాకా దిగింది.

“ఇది నిలువది సాంబన్నా. పెంకులు దించి అంత కూలగొట్టాలె.”

కొడుకు ప్రేమ్‌సాగర్‌కూ అదే కావాలి. “గా జాగల స్లాబు రూమేపిస్త బాపూ. ఏసీ పెట్టిస్త. నిమ్మళంగ పండుకో.”

“నేలకింద ముప్పై రెండేండ్లు మూసుకొని బతికిన. ఇగ పైన సుత మూసుకోవాల్నా? కప్పు దించకుంటనే గుంజలు మారుస్త.”

“డాక్టర్ బరువు లేపద్దన్నడు గదా!”

“లేపను. నిలవెడ్త.”

భార్య నాగవ్వ ఎవరి పక్షమూ తీసుకోలేదు. “ముందుగాల ఆ మంచం అవుతల గుంజుర్రి, పడితె ఇరుగుతది,” అంది.

మర్నాడే సాంబయ్య మద్దికర్రలు తెప్పించాడు. చెడిన గుంజ పక్కన ఒక దుంగ నిలిపి, దాని కింద చెక్కలు కొట్టి బిగించి, దూలం బరువు దానిమీదికి వచ్చాకే పాతది పీకేవాడు. నాలుగు దెబ్బలు వేసి కూర్చోవడం, దమ్ము తీసుకోవడం, మళ్లీ లేవడం. ప్రేమ్‌సాగర్ రెండు రోజులు గేటు దగ్గరే నిలబడి చూశాడు.

మూడో గుంజ పీకుతుంటే దూలం కిర్రుమంది. రెండు పెంకులు జారి సాంబయ్య భుజం పక్కనే పగిలాయి.

“బాపూ, బయటికి రా!” ప్రేమ్‌సాగర్ లోపలికి ఉరికాడు.

సాంబయ్య కదల్లేదు. దుంగకు చెవి ఆనించి విన్నాడు. “ఆగు. కర్ర అరుస్తుందంటె ఇంక మోస్తున్నదన్నట్టు. గా సుత్తె అందియ్యి.”

కొడుకు అందించాడు. రెండు దెబ్బలకు చెక్క బిగిసింది, చప్పుడు ఆగింది. సాంబయ్య కింద కూలబడి చాలాసేపు దగ్గాడు. తర్వాత కొత్త గుంజ పట్టుకొమ్మని కొడుకుకే చెప్పాడు.

తొమ్మిది రోజులు పట్టింది. కొత్త జాలిని ఒక కొస నాగవ్వ లాగి పట్టుకుంటే ఆయన మేకులు కొట్టాడు. జాలి తలుపు మాత్రం వంకరగా కుదిరింది, మోకాలితో ఎత్తితేగాని మూసుకోదు. అట్లనే ఉండనీ అన్నాడు.

ఆ వారమే సిద్దిరాములు వచ్చి ఒక్కో గుంజను భుజంతో నెట్టి చూశాడు. కదల్లేదు.

“చొప్పదండిల ఓ పాత ఇల్లున్నదన్నా. కప్పు దించకుంట గుంజలు మార్చుమంటున్రు. నాతోని రారాదు?”

“వస్త. కని ఆడ నా మాటే నడ్వాలె. నేను నిలవెట్టుమన్న తాననే నిలవెట్టాలె.”

సిద్దిరాములు తల గోక్కున్నాడు. “సరే తియ్యి.”

ప్రేమ్‌సాగర్ ఏదో అనబోయాడు. సాంబయ్య అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.