పిల్లిపెట్టె మీద పోసిన చెంబెడు నీళ్లు

ఇంకొకరు చదవాలని నేను రాసిన మొదటి మాట ఒక అట్టపెట్టె మీద రాశాను. "లోపల పిల్లలుండాయి. నీళ్లు పోయొద్దు." బొగ్గుతో రాశాను. అది చదివినవాడు చదివే నీళ్లు పోశాడు.

నంద్యాలలో బియ్యం మిల్లు కళ్లంలో వడ్లు ఆరబోసి, తిరగదోసి, నా వయసంతా గడిచింది. యాభై దాటేదాకా వేలిముద్రే. తరువాత మా సందులో ఆడవాళ్లకు సాయంత్రం బడి పెడితే, మోకాళ్లు పట్టేసినా కింద కూర్చుని అక్షరాలు దిద్దాను. ఇప్పుడు మిల్లుకు పోను. మిల్లు వెనక సందులో ఒక్క గదిలో ఉంటాను. నా గదికి ఎదురుగా గోతాల అంగడి. పాత గోనెసంచులు కొని, చిరుగులు కుట్టించి, మళ్లీ మిల్లులకే అమ్ముతాడు దాని యజమాని. నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడు.

మిల్లులో తిరిగే బూడిదరంగు పిల్లి ఒకటి ఉండేది. ఎవరిదీ కాదు, ఎవరినీ ముట్టనివ్వదు. ఆ ఏడు కార్తీకం పోయి చలి ముదిరే వేళకు గోతాల అంగడి అరుగు కింద మూడు పిల్లల్ని పెట్టింది. తెల్లవారేసరికి ఆ అరుగు బండ మీద కాలు పెడితే జివ్వుమంటుంది. పిల్లలు ఒకదాని కింద ఒకటి దూరి వణుకుతున్నాయి. ఒక అట్టపెట్టె తెచ్చాను. పక్క వీధిలో పరుపులు కుట్టే సాయిబును అడిగితే పాత పరుపులోంచి తీసిన దూది సంచెడు ఇచ్చాడు.

"బాలింతకా అమ్మా?" అన్నాడు.

"ఆఁ, బాలింతకే" అన్నాను.

దూది విడదీసి పెట్టె నిండా పరిచి అరుగు పక్కన పెట్టాను. నేను గడప దాకా వెనక్కి వచ్చాక తల్లి ఒక్కొక్క పిల్లనూ మెడ పట్టి తెచ్చుకుని అందులో పడుకుంది. నా గదిలోనే పెట్టుకోవచ్చు కదా అంటారేమో. ముట్టనివ్వని పిల్లి గదిలోకి రాదు.

గోతాల అంగడాయన పొద్దున్నే వాకిలి కడిగి, అగరుబత్తి వెలిగించి, అప్పుడు తలుపు తీస్తాడు. ఆ వేళకు పిల్లి ఎదురైతే ఆ రోజంతా బేరం ఉండదని ఆయన నమ్మకం.

"ఏందక్కా ఇది? అంగడి తెరిసే యాళకు పిల్లి మొగం సూడాల్నా నేను?"

"నీ మొగం అది సూడ్డంలేదా? అదేమన్నా అంటాండాదా?"

"నవ్వులాట గాదక్కా. తీసేయ్."

"పిల్లలు కండ్లు తెరవనీప్పా. మళ్ల నేనే తీస్తా."

సరేనని ఆయన మాట ఇవ్వలేదు. అందుకే బొగ్గు తీసుకున్నాను. మరునాడు ఆయన వంగి నా రాత చదవడం గడపలోంచి చూశాను. నిజం చెప్పాలంటే గుండె కొట్టుకుంది, బడిలో పంతులమ్మ పలక చూసేటప్పటిలాగా.

"అక్షరాలు కోడి గీరినట్టుండాయే!" అని నవ్వాడు. నవ్వి, లేచి, చేతిలోని చెంబు పెట్టె మీద వంచేశాడు. చెంబు జారలేదు. వంచాడు.

తల్లి ఒక్క గెంతున పారిపోయింది. నేను పరుగెత్తి పోయి, పై దూది దులిపి, ఎండకు జరిపాను. మధ్యాహ్నానికి ఆరినట్టే కనిపించింది. తల్లి కూడా తిరిగి వచ్చింది. మరుసటి పొద్దున చూస్తే ఒక పిల్ల కట్టెలా బిగుసుకుపోయి ఉంది. అడుగు దూది పిండితే నీళ్లు కారాయి.

ఆ పిల్లను తీసుకుపోయి ఆయన అంగడి గడప మీద పెట్టాను.

"సలికి సచ్చిపోతే నేనేం జేస్తా అక్కా?" అని చీపురుతో మోరీలోకి నెట్టేశాడు.

మూత ఉన్న బుట్టలో గోనె వేసి మిగిలిన రెండు పిల్లల్ని పెట్టాను. వాటి అరుపుకు తల్లి తానే దూరింది. మూత కట్టేసి ఆళ్లగడ్డ బస్సెక్కాను.

ఆళ్లగడ్డలో నా చెల్లెలి భర్త రాతి విగ్రహాలు చెక్కుతాడు. దూది సంగతి విని ఉలి కింద పెట్టాడు.

"దూదా? వదినా, తాగిన నీళ్లు ఇడుస్తాదా అది? గడ్డి ఏసుంటే నీళ్లు కిందికి జారిపోవునే!"

లారీకెక్కించే విగ్రహాల చుట్టూ ఆయన వరిగడ్డి కూరుతాడు. కొట్టంలో గడ్డి ఎప్పుడూ ఉంటుంది. ఒక పాత డ్రమ్మును అడ్డంగా పడుకోబెట్టి, కింద రెండు చెక్కలు వేసి, గడ్డి దట్టించి, పిల్లల్ని లోపలికి తోశాడు. తల్లి చుట్టూ మూడుసార్లు తిరిగి దూరింది.

అక్కడే తెలిసింది నాకు. గోతాలాయన పోసింది చెంబెడు నీళ్లు. వాటిని తెల్లవారేదాకా పట్టి ఉంచింది నా దూది. జీవితమంతా గడ్డిలో, ఊకలో బతికినదాన్ని, మెత్తగా ఉందని దూది పరిచాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పినందువల్ల ఆయన తప్పు రవ్వంత కూడా తగ్గదు.

నంద్యాల వచ్చి గడప మీద కూర్చున్నాను. పిల్లి లేని లోటు ఆయనకు తెలియడానికి పది దినాలు పట్టింది. ఒక పొద్దున గోతాలాయన ఒక్కొక్క సంచీ ఎత్తి వెలుగుకు పట్టి చూస్తున్నాడు. కుట్టించినవాటికే మళ్లీ కన్నాలు. ఆ పూట తాగినంత రుచిగా నేనెప్పుడూ టీ తాగలేదు.

ఇంకో వారానికి ఆయనే వచ్చాడు.

"ఎలుకలు కొరికేస్తాండాయక్కా. ఆ పిల్లిని తోలుకరాగూడదా?"

"అంగడి తెరిసే యాళకు దాని మొగం సూడాల గదప్పా?"

"సూస్తాలే అక్కా."

"అయితే ముందు పెట్టె చెయ్. నీ చేత్తోనే. అంగడి లోపల పెట్టు. గడ్డి పరుచు, దూది గాదు."

మందుల అంగడి నుంచి తెల్లటి థర్మకోల్ పెట్టె తెచ్చి, కన్నం కోసి, రెండు ఇటుకల మీద నిలబెట్టాడు. గడ్డి పలచగా ఉందని రెండుసార్లు తీయించి మళ్లీ పెట్టించాను. మోకాళ్ల మీద కూర్చుని పెట్టాడు. చూస్తూ నిలబడ్డాను.

బుట్ట తీసుకుని ఆళ్లగడ్డ పోయాను. గడ్డి చుట్టిన విగ్రహాల మధ్య బూడిదరంగుది పడుకుని ఉంది. పిల్లలు ఒళ్లు చేశాయి. నన్ను చూసి తల్లి లేవలేదు. చెయ్యి చాపితే ఉఫ్‌మంది. కొంచెంసేపు కూర్చుని ఖాళీ బుట్టతో వచ్చేశాను.

"ఏదక్కా?"

"రానంది. ఆడ ఎచ్చగుండాది దానికి."

"మళ్ల ఎలుకలకేం జెయ్యాల?"

"పెట్టె ఉండాది గదప్పా. ఈ సలికి ఏదో ఒకటొస్తాదిలే."

ఏది వస్తుందో నాకు తెలుసు. మిల్లులో చెవి తెగిన గండుపిల్లి ఉంది. అది తనదనుకున్న చోట ఏం చేస్తుందో కళ్లంలో పనిచేసిన ఎవరినడిగినా చెప్తారు. మూడో దినం వచ్చి పెట్టెలో పడుకుంది. ఎలుకలు పోయాయి. గోతాల కుప్ప కుప్పకూ పోయి, తోక నిలబెట్టి, ఉచ్చ చిమ్మింది. మిల్లువాళ్లు సంచులు వాసన చూసి వెనక్కి పంపుతున్నారు. తరిమితే ఎలుకలు, ఉంచితే కంపు. పొద్దున్నే తలుపు తీయగానే దాని మొగమే చూస్తాడు.

ప్రతి శుక్రవారం పోయి నేనే గడ్డి మారుస్తాను.

"పాతదంతా మరిసిపోయినావు గదక్కా?" అంటాడు, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని.

"మరిసిపోలేదప్పా" అంటాను.

గండుపిల్లి గుర్రుమంటున్నా, మోచేతి దాకా గడ్డిలో దూర్చి అడుగున తడి ఉందేమో చూస్తాను.