ఒట్టి పలకకు వెరీ గుడ్

1998 జూన్‌లో నన్ను మాదాపూర్ ప్రాథమిక పాఠశాలకు బదిలీ చేశారు. నా హోదా సెకండరీ గ్రేడ్ టీచరు. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో నా చేతికిచ్చారు. చుట్టూ బండలు పేల్చి పెద్ద భవనాలు కడుతున్నారు. పిల్లల్లో సగం మంది ఆ పనులకు వలస వచ్చిన కూలీల బిడ్డలు.

ఆ వేసవిలోనే మాకు మండల స్థాయి శిక్షణ ఇచ్చారు. చిన్నపిల్లలను తిట్టకండి, మెచ్చుకోండి, తమ మీద తమకు నమ్మకం కలుగుతుంది అన్నారు. నాకు నచ్చింది. తెనాలిలో నా చదువంతా బెత్తం దెబ్బలతోనే సాగింది మరి. అందుకని వరుసలో పలక చాపిన ప్రతి బిడ్డకూ రైటు గీసి 'వెరీ గుడ్' అనేదాన్ని. నలభై పలకలు పది నిమిషాల్లో అయిపోయేవి. నా పనితనానికి నేనే మురిసిపోయేదాన్ని.

ఆగస్టులో ఒకటో తరగతి అనిత బడి మానేసింది. హాజరు పట్టీలో పేరు కొట్టేసే ముందు ఇంటికి వెళ్లి కనుక్కోవడం మా పద్ధతి. సాయంత్రం వాళ్ల గుడిసెకు వెళ్లాను. తల్లి ఎల్లమ్మ అప్పుడే పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది.

"నాకు సదువు రాదు, నేను పోను అంటది టీచరమ్మా. రేపటి సంది నా ఎంబడి పనికి తోల్కపోత. ఇసుక జల్లెడ పడ్తది" అంది.

నాకు అర్థం కాలేదు. రోజూ వెరీ గుడ్ అంటున్నాను కదమ్మా అన్నాను. తల్లి వెనక నుంచి అనిత తల బయటపెట్టింది.

"మొన్న ఒట్టి పలక సూపిచ్చిన. గప్పుడు గూడ వెరీ గుడ్ అన్నవు టీచర్."

తల కొట్టేసినట్టయింది. నిజమే, నేను పలక చూడలేదు. ఆరేళ్ల పిల్ల నాకు పరీక్ష పెట్టింది, నేను తప్పాను. నేను మెచ్చుకున్నా ఒకటే, మెచ్చుకోకున్నా ఒకటే అని తేల్చుకుంది.

పలక తెమ్మని గడప మీద కూర్చున్నాను. అనిత మూడు 'క'లు రాసింది. ఈసారి తీరిగ్గా చూశాను. మొదటిదానికి తలకట్టు లేదని, మూడోది ఒరిగిపోయిందని, నడిమిది మాత్రం సరిగ్గా కుదిరిందని చెప్పాను.

"గిదొక్కటే మంచిగొచ్చిందా?" అని అడిగింది. అవునన్నాను. మిగతా రెండూ మోచేత్తో తుడిచేసింది.

మర్నాడు బడికొచ్చింది. దుమ్ము తగలకుండా పలకను పైటకొంగుతో కప్పి పట్టుకొచ్చిన తల్లి, దాన్ని గుమ్మం దగ్గర బిడ్డకిచ్చి పనికి వెళ్లింది. పలక మీద ఆ ఒక్క 'క' అలాగే ఉంది.

అప్పటి నుంచి రోజుకు ఇరవై పలకలే దిద్దేదాన్ని. మిగిలినవాళ్లకు "మీవి రేపు చూస్తాను" అని చెప్పి, మర్నాడు చూసేదాన్ని. తనిఖీకి వచ్చిన మండల విద్యాధికారి, చాలా పలకల మీద టీచరు రైటు గీత లేదని రిజిస్టరులో రాశారు. కింద సంతకం పెట్టాను. ఆయన రాసింది నిజమే. చూడని పలక మీద గీత పెట్టకూడదని నాకు నేర్పింది శిక్షణ కాదు, అనిత.