జాకబ్ సారు లేని వాదం

పద్మజ బెళుగుప్ప జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేది. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయాక బస్టాండు వెనక మిద్దెలో ఒక్కతే ఉండేది. పాఠాలకు అవతలి సంగతులు ఆమెతో మాట్లాడే మనిషి ఆ ఊళ్లో ఒక్కడే. బాటనీ చెప్పే జాకబ్ సారు.

వాళ్లిద్దరికీ ఏళ్లుగా ఒకటే తగాదా. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు ఒకప్పుడు వేరుగా బతికిన బాక్టీరియాలని ఇద్దరూ ఒప్పుకుంటారు. అవి లోపలికి ఎలా వచ్చాయన్నదే పేచీ. ఏదో పెద్ద కణం ఆకలికి బాక్టీరియాను మింగిందనీ, అది అరగక లోపలే నిలిచిపోయిందనీ పద్మజ నమ్మకం.

"మింగేదానికి బలం కావల్ల గదా మేడం? ఆ బలమిచ్చేదే మైటోకాండ్రియా. అది రాకముందే బలం యాడనుంచి వచ్చె?" అనేవాడు జాకబ్, టీ గ్లాసు బల్ల మీద పెట్టి. "రెండూ పక్కపక్కన బతికినాయి. ఒకటి వద్దని వదిలింది ఇంగోదానికి తిండయింది. విడిచి ఉండలేక మెల్లగా చుట్టుకున్నాయి."

"చుట్టుకునేదానికి చేతులుండాయా సార్ వాటికి?"

"ఉంటాయేమో. ఎవురు చూసినారు?"

"చూపించండి, ఒప్పుకుంటా."

బెల్లు కొట్టేదాకా ఇదే వరస. మిగతా లెక్చరర్లు నవ్వుకుని ఎవరి పనిలో వాళ్లు పడేవాళ్లు.

ఒక వేసవిలో పేపర్లు దిద్ది అనంతపురం నుంచి తిరిగి వస్తూ జాకబ్ బస్సులోనే గుండె ఆగి చనిపోయాడు. సమాధి దగ్గర పద్మజ ఆడవాళ్ల వెనక నిలబడింది. ఆమెను పలకరించాలని ఎవరికీ తోచలేదు. ఆయనకు ఆమె ఏమవుతుందని పలకరిస్తారు?

మరుసటి జనవరిలో ఫోనులో ఆమెకు ఒక బొమ్మ కనపడింది. సముద్రం అడుగు బురదలోంచి తెచ్చి, జపాన్ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఓపిగ్గా పెంచిన సూక్ష్మజీవి అది. మన కణాల పూర్వీకులకు దగ్గరి చుట్టమట. ఒంటరిగా పెరగదు, పక్కన ఇంకో జీవి ఉండాల్సిందే. దాని ఒంటినుంచి కొమ్మల్లా పొడుగాటి చేతులు సాగి ఉన్నాయి.

పద్మజ గబగబా స్టాఫ్ రూముకు వెళ్లింది. జాకబ్ కుర్చీలో కొత్తగా వచ్చిన శశికుమార్ ఉన్నాడు. బొమ్మ చూపించింది.

"సిలబస్‌లో లేదు కదా మేడం," అన్నాడు అతను, మర్యాదగానే.

ఆ ఆదివారం ఆమె బస్సులు మారి బత్తలపల్లె వెళ్లింది. జాకబ్ భార్య మహేశ్వరి అక్కడ పుట్టింట్లో ఉంటూ బట్టలు కుడుతోంది.

"మీ ఆయన చెప్పిందే నిజమయ్యేట్టుండాది మహేశ్వరీ. ఈ చేతులు చూడు."

మహేశ్వరి ఫోను తీసుకుని చాలాసేపు చూసింది. "ఇంట్లో అట్ల చెప్పలేదే మేడం. అన్నం తినేటప్పుడు మీ మాటే చెప్తాండె. మింగిందే సరేమో, మేడం మాటలో పస ఉండాది, అంటాండె."

"మరి నాతో ఎప్పుడూ అనలేదే?"

"నేనూ అడిగితి. ఒప్పుకుంటే ఇంగ ఆమెతో మాట్లాడేదానికి ఏముంటాది, అనె."

పద్మజ ఫోను తీసుకుని ఆ చేతుల బొమ్మను మళ్లీ చూసింది. మహేశ్వరి మళ్లీ మిషను తొక్కలేదు.

బుధవారం ఆమె క్లాసులో రెండు వాదాలూ చెప్పింది. ఆ చేతులు కనపడినంత మాత్రాన విషయం తేలిపోలేదనీ, మింగిందనేవాళ్లు ఇంకా ఉన్నారనీ చెప్పింది.

"పరీక్షలో ఏది రాయాల మేడం?" అంది ముందు బెంచీ అమ్మాయి.

"పుస్తకంలో ఉండేది రాయండి."

తర్వాత జాకబ్ పక్షం ఎత్తుకుంది. ఆయన బల్ల గుద్ది చెప్పిన ప్రతి మాటా అంతే గట్టిగా చెప్పి, ఆగి, పిల్లల వైపు చూసింది. అందరూ తలలు వంచి రాసుకుంటున్నారు. ఎవరూ కాదనలేదు.