సిగ్నే ఒంటి గొర్రె వాసన

మా వాగు పొడుగునా కయోటీల వేటలో నన్ను మించినవాడు లేడని ఇరవై ఏళ్లు చెప్పుకు తిరిగాను. ఎవరూ కాదనలేదు. సిగ్నే హాల్వర్సన్ కూడా కాదనలేదు, నవ్వి ఊరుకునేది. ఆ నవ్వుకే నాకు ఒళ్లు మండేది.

కయోటీ అంటే నక్కకు అన్న, తోడేలుకు తమ్ముడు. తూర్పు మోంటానాలో గొర్రెలున్న ఏ ఇంట్లోనూ దాన్ని తిట్టుకోకుండా పొద్దు గడవదు. మా వాగు గొర్రెల సంఘానికి నేను వేటగాణ్ణి. నా పేరు ఎమిట్ క్రోలీ. వేటకు వెళ్లే ముందు నేను చేసే మడి చూస్తే పాదిరిగారు కూడా సిగ్గుపడాలి. సబ్బు ముట్టను. వంట సోడా కలిపిన నీళ్లతో స్నానం. బట్టలు రెండు రోజులు మా పచ్చికలో ఎక్కడపడితే అక్కడ పెరిగే సేజ్ పొదల మీద ఆరేసి, ఆ ఆకులతోనే చెక్కపెట్టెలో దాచుకుంటాను. కాఫీ లేదు, పొగాకు లేదు, పంది మాంసం వేపుడు ఆ పూటకు మా ఇంట్లో వండనివ్వను. మా ఆవిడ రూత్ ఆ రోజుల్లో పుట్టింటికి వెళ్లిపోయేది. వెళ్లడానికి ఆమె చెప్పే కారణం వేరు, అసలు కారణం ఇదే.

సిగ్నే దీనికి సరిగ్గా తలకిందులు. ఆమెకు అప్పటికి యాభై రెండేళ్లు. మనిషి కంచె గుంజలా నిటారుగా ఉండేది. తండ్రి వదిలిపోయిన ఆరువందల గొర్రెలను ఒంటిచేత్తో సాకింది. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "ఈ వాసనకి ఓర్చుకునేవాడు ఇంకా పుట్టలేదు. పుట్టినా వాడి వాసనకి నేను ఓర్చుకోవాలిగా!" అనేది. గొర్రెలు ఈనే రోజుల్లో కొట్టంలోంచి నేరుగా చర్చికి వచ్చేది. చివరి వరుసలో ఆమె ఒక్కతే కూర్చునేది, ఆమె ముందు వరుస కూడా ఖాళీగానే ఉండేది. దుకాణం ఆయన భార్య ఒకసారి మంచి వాసన సబ్బు బహుమతిగా ఇచ్చింది. సిగ్నే థాంక్స్ చెప్పి తీసుకుని, దాంతో గొర్రె చెవి పుండు కడిగింది. పుండు మానిందని ఆ ఇల్లాలికి చెప్పి కూడా వచ్చింది.

ఆమెకు ఒక్క విషయంలో మాత్రం నవ్వు రాదు. మాస్ అని ఆమె దగ్గర ఒక గొర్రెల కుక్క ఉండేది. కయోటీల కోసం ఎవరో కొవ్వు ఉండలో విషం పెట్టి పచ్చిక మీద వేస్తే, మాస్ తిని చచ్చిపోయింది. సిగ్నే దాన్ని మూడు మైళ్లు భుజాన మోసుకొచ్చి ఇంటి వెనక పూడ్చింది. ఆ ఉండ నేను వెయ్యలేదు. కానీ సంఘం విషం డబ్బా ఉండేది నా దగ్గరే, అడిగిన వాళ్లకు ఇచ్చేది నేనే. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

పంతొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం మే నెలలో ముసలి మగ కయోటీ ఒకటి మా మీద పడింది. దాని ముందు కుడి పాదానికి ఒక వేలు లేదు. ఆ వేలు నా ఇనప పళ్ల బోనులోనే తెగింది, అందుకే నా మీద దానికి ప్రత్యేకమైన పగ అని అందరూ ఎగతాళి చేసేవారు. పద్దెనిమిది రోజుల్లో ఇరవై రెండు గొర్రెపిల్లలను తినేసింది. అందులో పదిహేను సిగ్నేవి. నేను నాలుగు సార్లు కాపు కాశాను. కుందేలు ఏడ్చినట్టు కొమ్ము బూర ఊదాను. ప్రతిసారీ అది దూరంగా చుట్టు తిరిగి, గాలి నా మీదుగా తన వైపు వీచే చోటుకు చేరి, ఒక్కసారి ముక్కు పైకెత్తేది. అంతే, మాయం. నాలుగోసారి వెళ్తూ వెళ్తూ నన్ను చూసి మొరిగింది కూడా.

సంఘం వాళ్లంతా మా వంటింట్లోనే కూర్చున్నారు. ఇక విషమే దిక్కన్నారు. సిగ్నే గుమ్మం దగ్గరే నిలబడింది. ఆమె కాళ్ల దగ్గర కొత్త కుక్క నెల్ ఉంది. రెండేళ్ల ఆడకుక్క. అది లేకపోతే ఆరువందల గొర్రెలను కొండ మీంచి దింపడం మనిషి వల్ల కాదు.

"మూడు రోజులివ్వండి. నేను దాన్ని కొడతాను," అంది సిగ్నే.

"ఎమిట్ వల్ల కానిది నీ వల్ల అవుద్దా?" అని ఎవరో నవ్వారు.

"కాకపోతే మీ ఇష్టం, విషమే పెట్టుకోండి. నెల్‌ని కట్టేసుకుని గొర్రెల్ని అమ్మేసుకుంటాను. అయితే మూడు రోజులు మాత్రం ఒక్క ఉండ కూడా నేల మీద పడకూడదు. ఏమయ్యా ఎమిట్, మాటిస్తావా?"

అందరి ముందూ చెయ్యి కలిపి మాటిచ్చాను.

ఇప్పుడు సిగ్గు విడిచి చెప్తున్నాను. ఆ మధ్యాహ్నమే నేను మాట తప్పాను. ఆమె వల్ల కాదని నాకు గట్టి నమ్మకం. మూడు రోజుల తర్వాత ఎలాగూ పెట్టాల్సిందే కదా, ఈలోగా ఇంకో ఆరు పిల్లలు ఎందుకు చావాలి అనుకున్నాను. అది నేను నాకు చెప్పుకున్న కారణం. అసలు కారణం, ఆ కయోటీ నా చేతిలోనే చావాలి. గొడ్డు కొవ్వులో విషం కలిపి తొమ్మిది ఉండలు చేసి, చేతి తొడుగులతోనే పైవంకలో నా హద్దు లోపలే వేశాను. కుక్కలు హద్దురాళ్లు చదవవని నాకు తెలియక కాదు. ఇంటికొచ్చి సోడాతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాను.

రెండో రోజు సిగ్నే ఏం చేస్తోందో చూద్దామని వెళ్లాను. కొట్టంలో కూర్చుని పచ్చి ఉన్నితో తుపాకీని రుద్దుతోంది. దానికున్న నూనె అంతా తుడిచేసి, మురికి ఉన్ని బస్తాలో గొంతుదాకా కూరింది.

"తుపాకీ తుప్పు పడుతుంది తల్లీ," అన్నాను.

"ఉన్ని జిడ్డుండగా తుప్పెక్కడిది? ఇలా రా, నీకోటి చూపిస్తా."

కొట్టం నుంచి గొర్రెల దగ్గరికి ఆమె రోజూ నడిచే దారి అది. ఆమె బూటు గుర్తుల పక్కనే, తడి మట్టిలో, వేలు లేని పాదం గుర్తు. ఒక చోట కాదు, దారి పొడవునా. ఆమె వెనకే నడిచినట్టుంది.

"నిన్న నేను బకెట్టు కింద పెట్టి పిల్లకి పాలు పడుతుంటే, ఇంత దూరంలోంచి చూసిపోయింది. నేనంటే దానికి భయం లేదు. గొర్రె వాసన, పాల వాసన, పేడ వాసన, అన్నీ రోజూ ఉండేవే. నువ్వంటేనే భయం."

"నా దగ్గర వాసనే ఉండదే!"

"అదేనయ్యా నీ గొడవ. సోడా వాసన వాసన కాదా? మా పచ్చికలో సోడా ఎక్కడ మొలిచింది? ఆ ఘాటు తగిలితే చాలు, ఎమిట్ క్రోలీ స్నానం చేసి దయచేశాడని దానికి తెలిసిపోద్ది."

తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. అప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆమె గెలుస్తుందని ఆ క్షణాన నాకు అర్థమైంది, అందుకే మరీ చెప్పలేకపోయాను.

మూడో రోజు తెల్లవారగానే సంఘం తరఫు సాక్షిగా వెళ్లాను. ఆమె నా కోటు, టోపీ, చేతి తొడుగులు అన్నీ విప్పించి పికప్ ట్రక్కులో పెట్టించింది. కొట్టంలో మేకుకు వేలాడే పాత అంగీ, దాని మీదికి ఒక ఏప్రన్ ఇచ్చింది. రెండు నెలలుగా గొర్రెల ఈతల్లో వేసుకున్న బట్టలవి. పిల్లతో పాటు జారే మావి మరకలు ఎండి అట్టకట్టి ఉన్నాయి. ఏప్రన్ తాళ్లు నా నడుముకు అందలేదు.

"ఊపిరి బిగబట్టకు, అలవాటు చేసుకో. పెళ్లికొడుకులా ఉన్నావు."

"ఇది రూత్‌కి చెప్పావంటే నేను చచ్చినంత ఒట్టు!"

"నేను చెప్పక్కర్లేదు. పది రోజులు నీ ఒళ్లే చెప్తుంది."

నెల్‌ని వాగు అవతల మందకు కాపలా పెట్టి, మేమిద్దరం బకెట్టు పట్టుకుని రోజూ దారినే వెళ్లి, ఒక పల్లంలో పడుకున్న గొర్రెల మధ్య కూర్చున్నాం. బూర బయటికి తీశాను. ఆమె లాక్కుంది. తన కోటు లోపల తల్లిలేని పిల్ల ఒకటి ఉంది, ఆకలితో ఉంచింది. దాని మూతి బయటికి తీసి వదిలింది. అది అరవడం మొదలుపెట్టింది.

అరగంటకు కయోటీ వచ్చింది. ఎప్పటిలాగే చుట్టు తిరిగింది. గాలి మా మీదుగా నేరుగా దాని మీదికి పోతోంది. నలభై గజాల దూరంలో ఆగి ముక్కు పైకెత్తింది. నా వేటంతా ఎప్పుడూ అక్కడితోనే ముగిసేది. అది గాలిని ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు పీల్చి చూసింది. చూసి, తల దించి, మా వైపే నడిచొచ్చింది. సిగ్నే ఉన్ని బస్తాలోంచి తుపాకీ నెమ్మదిగా తీసి, తొందర లేకుండా పేల్చింది. రెండో గుండు అవసరం రాలేదు.

ఆనందం పట్టలేక నేనే గెంతాను. అసూయ కూడా మర్చిపోయాను. కళేబరాన్ని నేనే ఈడుస్తానని చెప్పి, ట్రక్కు తెచ్చి, తొడుగులు వేసుకున్నాను. ఈలోగా తుపాకీ శబ్దం విని నెల్ పరుగెత్తుకొచ్చింది. చచ్చిన కయోటీ వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా నా దగ్గరకొచ్చి, కుడి చేతి తొడుగును వాసన చూసి, నాలుక చాచింది.

సిగ్నే దాని మెడ పట్టి వెనక్కి ఈడ్చిన వేగం నేను జన్మలో మర్చిపోను.

నేనేమీ అనకముందే, ఆమె ఏమీ అడగకముందే, నా చేతులు వీపు వెనక్కి వెళ్లాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

"ఆ తొడుగులిటియ్యి," అంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. "గొడ్డు కొవ్వు."

తొడుగుల్ని నెల్‌కి అందకుండా ట్రక్కులో పడేసింది.

"ఎన్ని?"

"తొమ్మిది. పైవంకలో. సిగ్నే, నేను..."

"నడు."

తిట్టలేదు. నెల్‌ను కొట్టంలో కట్టేసి, నాతో పైవంకకు వచ్చింది. ఎనిమిది దొరికాయి. తొమ్మిదోది పెట్టిన చోట లేదు. ఏ కాకో ఎత్తుకుపోయి ఎక్కడో జారవిడిచి ఉండాలి. నాలుగు రోజులు వెతికాను. చివరికి మోకాళ్ల మీద పాకాను. ఆ నాలుగు రోజులూ నెల్ కట్టుకొయ్య దగ్గరే ఏడ్చింది. కుక్క చేయాల్సిన పని సిగ్నే చేసింది. ఆ వయసులో కొండ ఎక్కుతూ దిగుతూ, ఈల వేస్తూ, మంద చుట్టూ పరుగెత్తింది. సాయంత్రానికి గుమ్మంలో కూలబడి బూట్లు విప్పుకోలేకపోయేది. నేను విప్పబోతే కాలు వెనక్కి తీసుకుంది.

ఐదో రోజు పొద్దున్న ఆమె తోలు పట్టీలతో, ఇనప తీగతో ఒక చిక్కం అల్లి నెల్ మూతికి తగిలించింది. మెడకు పొట్టి తాడు కట్టింది.

"వద్దు సిగ్నే, నీ కాళ్లు పట్టుకుంటాను. చిక్కం ఊడితే?"

"ఊడదు. నేను అల్లాను. నీ ముక్కూ నా ముక్కూ ఇక్కడ పనికిరావు. దాని పని దాన్ని చెయ్యనీ."

నెల్ ముక్కు నేలకు ఆనించి బయలుదేరింది. వంక దాటింది, నేను వెయ్యిసార్లు తొక్కిన గట్టు దాటింది, ఎండిన కాలువలో దిగి ఒక సేజ్ పొద మొదట్లో చిక్కాన్ని నేలకేసి నొక్కింది. సిగ్నే తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టి, మడమలు నేలలో పాతి లాగి పట్టుకుంది. నేను పారతో ఉండను తీశాను. కాకి ముక్కు గుర్తులు దాని మీద ఉన్నాయి. అప్పుడు నేను ఏడ్చాను. సిగ్నే నన్ను ఓదార్చలేదు. కుక్క తల నిమిరింది.

డబ్బాను సంఘానికి తిరిగిచ్చేసి, ఇక నా చేతుల మీదుగా విషం పోదని చెప్పాను. వేట మానలేదు. ఇప్పుడు ఉన్ని బస్తాలో దాచిన బట్టలే వేసుకుంటాను, రూత్ మరీ తరచుగా పుట్టింటికి వెళ్తోంది.

నెల్ పోయి ఆరేళ్లయింది. సిగ్నే దగ్గర ఇప్పుడు దాని మనవరాలు ఉంది, ఏడాదిన్నర పిల్ల. నేను చేసిన పని దానికి తెలియదు. అయినా నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు గేటు దగ్గరే ఆగి, ఎవరూ అడగకుండానే, తొడుగులు తీసి రెండు చేతులూ దాని ముందు చాపుతాను. సిగ్నే కాఫీ కెటిల్ పట్టుకుని గుమ్మంలో నిలబడి, నన్ను కాదు, కుక్కనే చూస్తుంది. అది నా చేతులు పూర్తిగా వాసన చూసి తోక ఊపాకే, "లోపలికి రావయ్యా, కాఫీ చల్లారిపోతోంది," అంటుంది.