తుడుపు బావ తుడవని గీత

తుడుపు బావకు బొమ్మ గీయడం కన్నా గీసింది తుడవడం ఇష్టం. కుడిచేతిలో కుంచె ఉంటే ఎడమచేతిలో తడిగుడ్డ ఉండేది, ఎప్పుడూ గుడ్డే గెలిచేది. దర్జీ కొట్టుకు బోర్డు రాయమంటే మనుషుల్నీ, బట్టల్నీ, మిషన్నీ గీసి, అన్నీ తుడిచేసి సూది ఒక్కటే మిగిల్చాడు. మర్నాటి నుంచి జనం ఇంజెక్షన్ల కోసం చొక్కా చేతులు మడిచి బారులు తీరారు. మొహమాటస్తుడైన దర్జీ ఇద్దరికి పొడిచాడు కూడా. నమ్మనివాళ్లు పోయి అతన్నే అడగండి.

అలాంటివాణ్ణి పిలిచి, నాటకాల హాలు యజమాని ఏళ్ల తరబడి ఆడుతున్న రాజుగారి నాటకాన్ని ముందుగోడ మీద బొమ్మగా వేయమన్నాడు.

ఆ కబురు విని అందరికన్నా ఎక్కువ కంగారు పడినవాడు బావగారి బావమరిది. నాటకంలో అతనిది భటుడి వేషం. బల్లెం పట్టుకుని ఓ మూల నిలబడాలి, నోరు విప్పకూడదు. ఫొటో తీసినప్పుడల్లా తెర అంచు అతన్ని మింగేసేది.

"నాటకాలాడతానంటారు, ఒక్క ఫొటోలోనూ మోచెయ్యి తప్ప కనబడరు. నిజం చెప్పండి, ఎక్కడికెళ్తున్నారు?" అని భార్య నిలదీసేది.

గోడ మీదైనా కనబడితే ఆమె నమ్ముతుందని అతని ఆశ. కానీ బావను అడగడానికి నోరు పెగల్లేదు. వేషం అలవాటు మరి.

బావ మొదట దర్బారంతా గీశాడు. రాణి వచ్చి తన నగలు చూసుకుని మురిసి అటు తిరగ్గానే రాణిని తుడిచాడు. మంత్రి పోయాడు, సేనాపతి పోయాడు, సింహాసనం పోయింది. రాజు వేషగాడు మీసమైనా ఉంచవయ్యా అని కాళ్లావేళ్లా పడ్డాడు. మీసం మధ్యాహ్నం దాకా ఉంది.

దూరం నుంచి చూస్తున్న భటుడు ఆశ వదులుకున్నాడు. రాజుకే దిక్కులేని గోడ మీద భటుడి గతేమిటి?

బొమ్మ ప్రారంభం రోజున ముసుగు తీస్తే అంత గోడకూ ఒకే ఒక్క నల్లగీత. నిలువుగా, కాస్త ఎడమకు ఒరిగి, పైన చిన్న మొన.

"గోడ బీట వారిందా?" అన్నాడు రాజు వేషగాడు.

"మీలో ఒక్కరూ కుదురుగా నిలబడరు. కదలకుండా నిలబడ్డవాడు మా బావమరిది ఒక్కడే. వీణ్ణి తుడవబోతే గుడ్డకే చెయ్యి రాలేదు," అన్నాడు బావ.

భటుడి భార్య గోడకు ముక్కు ఆనించి మరీ చూసింది. "ఈయనే. ఇంట్లో నేను తిడుతున్నప్పుడు కూడా ఇలాగే ఎడమకు ఒరుగుతారు," అని తేల్చింది.

భటుడు సంతోషం పట్టలేక గీత ముందు బిగుసుకుపోయాడు. బొమ్మకు అడ్డం తప్పుకోమన్నారు వెనక నుంచి ఎవరో.

"ఆయన బొమ్మకు ఆయనే అడ్డమేమిటండీ?" అంది ఆవిడ, మొగుణ్ణి కాస్త ఎడమకు వంచి సరిచేస్తూ.