కేక వేయని అప్పడాలామె

మా బళేపేట సందులో అమ్మకానికి వచ్చేవాళ్ళందరికీ ఎవరి కేక వాళ్ళకుండేది. పెరుగమ్మే ఆమె గొంతు సందు మొదట్లోనే లేచేది. పూలమ్మే ఆమె ‘మల్లె’ అన్న మాటను మా ఇల్లు దాటేదాకా సాగదీసేది. గొంతును బట్టి మనిషిని గుర్తుపట్టి, కావాలంటే తలుపు తీసేవాళ్ళం, లేదంటే ఊరుకునేవాళ్ళం. అప్పడాలామె మాత్రం కేక వేయలేదు. తలుపు గొళ్ళెం మెల్లగా రెండుసార్లు ఆడించి, పక్కకు తప్పుకుని నిలబడింది.

దేశం రెండుగా విడిపోయిన మరుసటి వేసవి అది. నాకు పదిహేడేళ్ళు. హిందూపురం నుంచి కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. మామగారూ మా ఆయనా పొద్దున్నే గాజుల అంగడికి వెళ్ళిపోతే, ఇంట్లో నేనూ మా అత్తా మిగిలేవాళ్ళం.

తలుపు తీశాను. తెల్లటి పైజామా, మోకాళ్ళు దాటిన చొక్కా, తల మీద పల్చటి పైగుడ్డ, భుజాన మూట. ముప్పై అయిదేళ్ళుంటాయి. నుదుట బొట్టు లేదు. మూట విప్పి మిరియాలు కనిపిస్తున్న అప్పడాలు చూపించింది.

“అరిచి అమ్ముకోకుండా బాగిలు కొట్టేదేందప్పా ఇది?” అంది అత్త నా వెనకనుంచి. “యా ఊరో అడుగు మే.”

పెళ్ళికి ముందు నేను హిందీ నేర్చుకుని రెండు పరీక్షలు రాశాను. అందుకని దుబాసీ పని నా మీద పడింది. అడిగాను. సింధులో ఉండేవాళ్ళమనీ, ఇప్పుడది పాకిస్తాన్ అయిందనీ, ఇల్లు వదిలి ఓడలో బొంబాయి చేరి, అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చామనీ చెప్పింది. తామూ హిందువులమే అంది. తానూ భర్తా కలిసి అప్పడాలు చేస్తున్నారట. నేను అదంతా రెండు ముక్కల్లో అత్తకు చెప్పాను.

“ఆమె అంత సేపు మాట్లాడె. నువ్వు చెప్పింది ఇంతేనా? మిగిలింది యాడ పెట్టుకుంటివి?”

అత్త ఆమెనే కాదు, నన్నూ నమ్మలేదు. అయినా ఒక కట్ట కొన్నది. నిప్పుల మీద కాల్చి, వాసన చూసి, ముందు నన్ను తినమంది. సాయంత్రం దాకా నా వంక చూస్తూ ఉండి, నాకేమీ కాలేదని తేలాక తాను ఒక ముక్క నోట్లో వేసుకుంది.

తర్వాత ఆమె వారానికోసారి రాసాగింది. వచ్చినప్పుడల్లా ఆమె చూపు మా భుజాల మీదుగా లోపలికి పోయేది. మెట్లవైపు, అక్కణ్ణుంచి మిద్దె పైకి. పక్కింటావిడ కూడా అది గమనించింది. ఇళ్ళు చూసిపోయి ఎవరికో చెబుతుందేమో, తలుపులు జాగ్రత్త అని అత్తతో అంది. నాక్కూడా భయం పట్టుకుంది. నాలుగోసారి వచ్చినప్పుడు ఆమె నన్ను గొంతు తగ్గించి అడిగింది, మీ మిద్దె మీద పగలు ఎవరైనా ఉంటారా అని.

“ఏమంటాంది?” అంది అత్త.

ఉన్నదున్నట్టు చెప్పేశాను. అత్త ఆమె ముఖం మీదే తలుపు వేసింది. అక్కడితో ఊరుకోలేదు.

“చెప్పులేసుకో మే. యాడికి పోతాదో చూద్దాం.”

చిక్కపేట బట్టల అంగళ్ళ ముందు తోపుడు బండ్లు, మూటలు మోసేవాళ్ళు. ఆ రద్దీలో తెల్ల పైగుడ్డను కనిపెడుతూ నడిచాం. అత్త నాకంటే చురుగ్గా నడిచింది. ఆమె ఒక పాత సత్రం వెనకవైపు గదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది. మేము గోడవార నిలబడి తొంగిచూశాం.

గదిలో కిటికీ లేదు. నులకమంచం మీదా, నేల మీదా దుప్పట్లు పరిచి ఉన్నాయి. వాటి నిండా పచ్చి అప్పడాలు. ఆమె భర్త కాబోలు, ఒకాయన వాటి మధ్య గొంతుక్కూర్చుని విసనకర్రతో విసురుతున్నాడు. మమ్మల్ని చూడగానే లేచొచ్చి తలుపు మూశాడు. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.

కాసేపటికి తలుపు సగం తెరిచి ఆమె గడప దగ్గరికి వచ్చింది. మూట ఇంకా భుజానే ఉంది. 

“ఎందుకు మా వెంట వచ్చారు?” అని అడిగింది నన్ను.  “మా ఊళ్ళో కూడా మొదట ఇల్లు చూసిపోవడానికే వచ్చారు,” అంది.

అత్త నా మోచెయ్యి పట్టుకుని ఏమందని అడిగింది. ఈసారి ఒక్క మాట కూడా తగ్గించకుండా చెప్పాను.  అత్త చెయ్యి చాపి, ఆమె భుజాన ఉన్న మూటలోంచి ఒక అప్పడం తీసి రెండుగా విరవబోయింది. అది విరగలేదు, వంగింది.

“తేమ ఆరలే. నాలుగు దినాలకు బూజు పడతాది. ఎండ కావాల దీనికి,” అని, ఆమె ముఖంలోకి చూసింది. “మిద్దె అడిగింది ఇందుకేనా?”

నేను అడిగాను. ఆమె తల ఊపింది.

“రేపు తెచ్చుకోమను. ఒక్కతే రావల్ల. నేనూ పైనే కూర్చుంటా, అది కూడా చెప్పు.”

చెబితే ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఆమె మాత్రం మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “ఎందుకు ఇస్తానంటోంది?” అంది. అత్తను అడిగితే, “సుమ్మనే అని చెప్పు,” అంది. ఊరికే అని చెప్పాను. ఆ జవాబు ఆమెకు చాలలేదని తెలుస్తూనే ఉంది.

మరునాడు ఒక్కతే పైకి వచ్చింది. భర్త మాత్రం పొద్దున్నుంచి మా ఇంటి ఎదుట నిలబడి మిద్దె వైపే చూస్తున్నాడు. పైన ఒక మూల గొడుగు కింద అత్త, ఇంకో మూల తలమీద గుడ్డ కప్పుకుని ఆమె. మధ్యలో ఎండుతున్న అప్పడాలు. అత్త నీళ్ళకైనా కిందికి దిగలేదు. ఆమె కూడా కదల్లేదు. నేను ఇద్దరికీ మజ్జిగ తీసుకెళితే, అత్త తాగేదాకా ఆగి, అప్పుడు తాను గ్లాసు అందుకుంది.

పది రోజులకు ఆమె భర్త కింద నిలబడటం మానేశాడు. అత్త కూడా మధ్యాహ్నం కునుకు తీయడానికి కిందికి రాసాగింది. అయితే మెట్ల దగ్గరే చాప వేసుకునేది. పైన ఆమె నాకు పిండి ఎలా కలపాలో చెప్పేది. ఒకరోజు అత్త గురక గురించి ఆమె ఏదో అంటే ఇద్దరం నవ్వేశాం. కింది నుంచి వెంటనే గొంతు వచ్చింది.

“నన్ను గురించేనా మే?”

“కాదత్తా, అప్పళాల గురించి.”

వానలు పడేదాకా అలా సాగింది. మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం ఆమె దుప్పట్లు మడుస్తూ, ఇంక రాననీ, ఉత్తరాన ఒక ఊళ్ళో మరిదికి కొలువు దొరికిందనీ, అక్కడికి పోతున్నామనీ చెప్పింది. ఆ ఊరి పేరు కూడా చెప్పి, “ఎవరితోనూ అనకు. మా ఆయన ఒట్టు వేయించుకున్నాడు,” అంది. ఎవరికి భయపడి అని నేను అడగలేదు. ఆమెకూ సరిగ్గా తెలియదేమో.

వారం గడిచాక అత్త తానే సత్రం దాకా వెళ్ళొచ్చింది. గదిలో వేరెవరో ఉన్నారట.

“చెప్పకుండానే పోయింది చూడు,” అంది చీర కుచ్చిళ్ళకు అంటిన బురద దులుపుకుంటూ. తర్వాత నా వైపు తిరిగింది. “నీకు తెలుసు కదా మే, యాడికి పోయిందో?”

“తెలీదత్తా.”

అత్త నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నేను తల దించుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను.  పొద్దువాలే వేళ అత్త దగ్గరికి వచ్చి, చేట నా చేతిలోంచి తీసుకుంటూ, “యాడనో ఒక చోట బాగుంటే చాలులే,” అని లోపలికి వెళ్ళిపోయింది.