హంసలదీవి ఇసుకలో ఫియోనా పట్టు మార్చిన రోజు

"మీ దేశంలో గోల్ఫ్ కోర్సు లేని చోటు ఏదైనా ఉంటే నన్ను అక్కడికి తీసుకెళ్లు" అని ఫియోనా అడిగిన శుక్రవారం సాయంత్రం ఈ ప్రయాణం మొదలైంది. ఫియోనాది స్కాట్లాండ్. పదిహేనేళ్లుగా మహిళల ప్రొఫెషనల్ గోల్ఫ్ ఆడుతోంది. నేను హైదరాబాద్‌లో ఫిజియోథెరపిస్టుని. ఆటగాళ్ల భుజాలు, నడుములు, మణికట్లు చూడటం నా పని. రెండేళ్ల కిందట ఆమె కుడి మణికట్టు విరిగి ఆపరేషన్ అయింది. అప్పటినుంచి ఇండియాలో ఆడటానికి వచ్చినప్పుడల్లా నా దగ్గరికి వచ్చేది, అలా స్నేహం కలిసింది. గోల్ఫ్ పోటీల్లో మొదటి రెండు రోజుల ఆట చూసి వెనకబడినవాళ్లని ఇంటికి పంపేస్తారు. ఆ శుక్రవారం హైదరాబాద్ పోటీలో ఫియోనా అలాగే బయటికి వచ్చేసింది. ఆ ఏడాది అలా రావడం వరసగా ఐదోసారి. "ఇంటికెళ్లాక ఆట మానేస్తున్నానని అందరికీ చెప్పేస్తాను" అంది, ఏదో టికెట్ రద్దు చేసుకుంటున్నంత మామూలుగా. నాది గుడివాడ. గోల్ఫ్ కోర్సు లేని చోటంటే నాకు వెంటనే మా కృష్ణా జిల్లానే తోచింది. ఆ రాత్రే సికింద్రాబాద్‌లో బందరు వెళ్లే రైలెక్కాం.

తెల్లవారి గుడివాడలో దిగేసరికి ఆమె ఫోన్‌కి ఒక మెయిల్ వచ్చి ఉంది. వచ్చే వారం బెంగళూరులో జరిగే పోటీలో ఒకామె తప్పుకుందట, ఆ స్థానం ఫియోనాకి ఇస్తారట, వచ్చేదీ లేనిదీ సాయంత్రం ఐదింటిలోగా చెప్పాలి. ప్లాట్‌ఫారం మీద నిలబడే చదివి, ఫోన్ జేబులో పెట్టేసుకుంది. "వద్దనే రాస్తాను. కానీ పొద్దున్నే ఆ మాట రాయబుద్ధి కావట్లేదు" అంది. డాక్టర్లు చూశారు, నేను చూశాను, ఆమె చేతిలో ఎముక ఎప్పుడో అతుక్కుంది. అయినా నాలుగడుగుల దూరం నుంచి బంతిని గుంటలో వేయాల్సి వస్తే, సరిగ్గా కర్ర బంతికి తగిలే క్షణంలో ఆ చెయ్యి ఉలిక్కిపడుతుంది. అంతే, బంతి పక్కకి పోతుంది. దానికి నా దగ్గర మందు లేదు.

స్టేషన్ బయట మాకోసం సాంబయ్య మావయ్య కారుతో ఎదురుచూస్తున్నాడు. బంధువేమీ కాదు. నా చిన్నప్పటినుంచీ మా వీధిలో ట్యాక్సీ నడుపుతున్నాడు కాబట్టి మావయ్య అయ్యాడు. గుడివాడ నుంచి పెడన, బందరు, అవనిగడ్డ మీదుగా హంసలదీవి, తిరిగి రాత్రికి విజయవాడలో దించడానికి డీజిల్‌తో కలిపి ఐదు వేలకి మాట్లాడుకున్నాం. ఏడున్నరకి నెహ్రూ చౌక్ దగ్గర టిఫిన్ చేశాం. పెసరట్టు ఉప్మా ఫియోనాకి బాగా నచ్చి రెండోది తెప్పించుకుంది. మళ్లీ బయల్దేరాక, ఆమె వెనక సీట్లో పెట్టుకున్న పొడవాటి సంచీని సాంబయ్య మావయ్య అద్దంలోంచి రెండుసార్లు చూశాడు.

"ఆ సంచీలో ఏంటమ్మాయ్, తుపాకీయా?"

"కాదు మావయ్యా, గోల్ఫ్ కర్ర. దాన్ని పటర్ అంటారు. బంతిని చివర్లో మెల్లగా గుంటలోకి తోసేది."

"ఆట మానేస్తానంటోందని చెప్పావు కదా. మరి వెంట ఎందుకు తెచ్చుకుంది?"

నేను అనువాదం చేస్తే ఫియోనా సంచీని ఒళ్లోకి లాక్కుని, "పదిహేనేళ్ల అలవాటు" అంది.

గుడివాడ నుంచి పెడన గంట ప్రయాణం. దారికి రెండువైపులా చేపల చెరువులు, కోత అయిపోయిన పొలాలు. పెడనలో కలంకారీ అచ్చులు వేసే షెడ్లు చాలా ఉన్నాయి, ముందుగా ఫోన్ చేసి వెళ్తే లోపలికి రానిస్తారు. మేం వెళ్లింది సుబ్బారావు గారి దగ్గరికి. అరవై దాటిన మనిషి, నలభై ఏళ్లుగా అదే పని. పొడవాటి బల్ల మీద పరిచిన గుడ్డ పక్కన నిలబడి, చెక్క అచ్చుని రంగులో ముంచి, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతున్నారు. అచ్చు తీస్తే కింద పువ్వు. ఫియోనా పది నిమిషాలు కదలకుండా చూసి, "ఆయన ఎడం చేత్తో కొడుతున్నారు. మిగతావాళ్లంతా కుడి చేత్తో కొడుతున్నారు. ఆయనది ఎడమచేతి వాటమా?" అని అడగమంది.

"కాదండీ" అన్నారు సుబ్బారావు గారు. "అన్నం కుడి చేత్తోనే తింటాను. ఆరేళ్ల కిందట బండి మీంచి పడి ఈ కుడి మణికట్టు విరిగింది. ప్లేటు వేశారు. ఎముక అతుక్కుందన్నారు. వచ్చి బల్ల దగ్గర నిలబడితే చెయ్యి లేస్తుంది, కిందికి దిగేటప్పుడు మధ్యలో ఆగిపోతుంది. అచ్చు సగమే పడేది."

"మరి ఏం చేశారు?" అని ఫియోనా అడిగించింది.

"ఏడాది దాన్ని బతిమాలానండి. నూనెలు రాశాను, కట్లు కట్టాను. చివరికి విసుగొచ్చి, నువ్వు అచ్చు పట్టుకో, కొట్టే పని ఎడం చేతికి ఇస్తానన్నాను. మూడు నెలలు గుడ్డ పాడైంది. మా తమ్ముడు తిట్టాడు కూడా. తర్వాత దారిలో పడింది."

ఫియోనా ఆ మాటలు రెండోసారి చెప్పించుకుంది. వెళ్లేముందు ఆయన దగ్గర ఎర్ర పువ్వుల దుపట్టా ఒకటి ఆరు వందలకి కొనుక్కుంది. కారెక్కాక బందరు దాకా ఒళ్లో చేతులు ఒకదాని మీద ఒకటి మార్చి మార్చి పెట్టుకుంటూనే ఉంది.

బందరులో పదకొండున్నరకల్లా భోజనం ముగించి, తొక్కుడు లడ్డూలు కట్టించుకుని, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ దారి పట్టాం. ఆ దారిలో ఫియోనా తన గురించి చెప్పింది. ఈ రెండేళ్లలో అంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు. వాళ్లది సముద్రం ఒడ్డున చిన్న ఊరు. అమ్మ చేపల ఫ్యాక్టరీలో పనిచేసేది. ఊరి చివర ఇసుక నేలలో ఊరందరిదీ ఒక గోల్ఫ్ మైదానం ఉండేది. గాలి ఎప్పుడూ ఈడ్చి కొడుతుంది కాబట్టి అక్కడ నేర్చుకున్నవాళ్లు బంతిని తక్కువ ఎత్తులో కొడతారు. పదకొండేళ్లప్పుడు ఎవరో పారేసిన కర్రతో మొదలుపెట్టింది. ఆడవాళ్లని పొద్దుటి పూట ఆడనిచ్చేవాళ్లు కాదు. అందుకని మగవాళ్ల ఆటలు అయిపోయాక, ఎండాకాలపు పొడవాటి సాయంత్రాల్లో ఒక్కతే ఆడుకునేది. ఇరవై మూడేళ్లకి ప్రొఫెషనల్ అయింది. మొదటి రెండేళ్లు హోటల్ ఖర్చు భరించలేక పాత వ్యానులో పడుకునేది. రెండుసార్లు రెండో స్థానం వచ్చింది. గెలుపు మాత్రం ఒక్కటీ లేదు. ఆపరేషన్ తర్వాత టూర్‌లో, అంటే ఏడాది పొడవునా జరిగే పోటీల్లో, నేరుగా ఆడే అర్హత కూడా పోయింది. ఇప్పుడు ఎవరైనా తప్పుకుంటేనే ఆమెకి చోటు.

"చేతులు మార్చి పట్టుకోమని నా కోచ్ ఏడాదిగా చెబుతున్నాడు" అంది అవనిగడ్డ దాటాక. "ఎడం చెయ్యి కిందికి, కుడి చెయ్యి పైకి. నేనే ఒప్పుకోలేదు. అలా పట్టుకుంటే నా చెయ్యి పాడైందని లోకానికి చెప్పినట్టేనని మొండికేశాను."

కోడూరు మీదుగా హంసలదీవి చేరేసరికి రెండున్నర. అక్కడి గుళ్లో వేణుగోపాలస్వామికి దండం పెట్టుకుని, అక్కడినుంచి పాలకాయతిప్ప వైపు మరో నాలుగు కిలోమీటర్లు వెళ్తే సముద్రం వస్తుంది. కృష్ణ పాయ సముద్రంలో కలిసేది అక్కడే. ఒడ్డున ముగ్గురు ఆడవాళ్లు ఎండబెట్టడానికి చేపలు శుభ్రం చేస్తున్నారు. వాళ్లలో పెద్దావిడ పేరు నాంచారమ్మ. ఫియోనా తిన్నగా వెళ్లి ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చుంది. కత్తి ఇమ్మని సైగ చేసింది. నాంచారమ్మ నావైపు చూసింది.

"తెగుద్దేమోనమ్మా, దొరసానికి."

"ఇవ్వండి పిన్నీ, వాళ్లమ్మ ఇదే పని చేసేదట."

ఫియోనా చేప పొట్ట మీద కత్తి ఆనించి ఒక్క లాగు లాగింది, మణికట్టు ఒక్క తిప్పు తిప్పింది, పేగులు బయట పడ్డాయి. రెండో చేప, మూడో చేప. నాంచారమ్మ పనాపి చూస్తోంది. నేను మాత్రం ఆ కుడి మణికట్టునే చూస్తున్నాను. వచ్చిన ప్రతిసారీ నా టేబుల్ మీద నేను తిప్పించిన చెయ్యి అది. ఇక్కడ ఒక్క చేప దగ్గర కూడా ఉలిక్కిపడలేదు.

"చెయ్యి తిరిగిన మనిషే" అంది నాంచారమ్మ. "ఏం చేస్తుందమ్మా ఈవిడ?"

"ఆట ఆడుతుంది పిన్నీ. బాగా ఆడితే డబ్బులొస్తాయి, లేకపోతే దారిఖర్చులు కూడా రావు."

"మా వేటకి మల్లే" అంది ఆవిడ.

ఖాళీ వలతో తిరిగొచ్చిన రోజు ఏం చేస్తారని ఫియోనా అడిగించింది. ఆ ప్రశ్న ఆవిడకి వింతగా తోచింది. "ఏం చేస్తామమ్మా. వల ఉతికి ఆరేసుకుంటాం. చిరుగులుంటే కుట్టుకుంటాం. మర్నాడు ఇంకోవైపు వేస్తారు."

ఫియోనా చేతులు కడుక్కుని కారు దగ్గరికి వెళ్లి సంచీ తెచ్చింది. నీళ్లు వెనక్కి పోయిన చోట ఇసుక సిమెంటు గచ్చులా గట్టిగా ఉంది. అక్కడ పిడికిలంత గుంట తవ్వి, నాలుగడుగులు కొలిచి గీత గీసింది. కర్ర పట్టుకుంది, కుడి చెయ్యి పైన, ఎడం చెయ్యి కింద. మొదటి బంతి గుంట దాటిపోయింది. రెండోది ముందే ఆగింది. మూడోది పడింది. తర్వాత వరసగా తొమ్మిది పడ్డాయి. ఆడవాళ్లు ముగ్గురూ చేపలు వదిలేసి వచ్చి నిలబడ్డారు. పదోది అంచు తాకి పక్కకి పోతే నాంచారమ్మ "అయ్యో" అంది, తన బంతే పోయినట్టు. ఫియోనా గట్టిగా నవ్వింది. ఈ రెండేళ్లలో ఆమె అలా నవ్వగా చూడటం అదే మొదలు.

టైం చూసేసరికి నాలుగూ ఇరవై. "వస్తానని రాయాలి, ఇప్పుడే రాయాలి" అంది. ఆమె ఫోన్‌లో సిగ్నల్ లేదు, నాదాంట్లోనూ లేదు. సాంబయ్య మావయ్య అప్పటికే కారు తిప్పి పెట్టాడు. గతుకుల రోడ్డు మీద ఆయన అంత వేగంగా నడపడం నేనెప్పుడూ చూడలేదు. ఫియోనా ఫోన్ కిటికీ బయటికి పెట్టి కూర్చుంది. కోడూరు ఇంకో కిలోమీటరు ఉందనగా సిగ్నల్ ఒక గీత వచ్చింది. కారు ఆపించి, రోడ్డు పక్కన దిగి మెయిల్ పంపింది. నాలుగూ యాభై రెండు. ఐదింటికి రెండు నిమిషాల ముందు జవాబు వచ్చింది, రమ్మని. ముగ్గురం అక్కడే బానెట్ మీద లడ్డూల పెట్టె విప్పాం.

ఆ తర్వాతి వారం చివరి రోజు ఆటకి నేను సెలవు పెట్టి బెంగళూరు వెళ్లాను. మొదటి రోజు ఆమెది ఇరవయ్యో స్థానం, రెండో రోజు తొమ్మిదో స్థానం. మూడో రోజు సాయంత్రానికి ఆమెకన్నా పైన ఇంకొక్క పేరే మిగిలింది. చివరి రోజు మధ్యాహ్నం గాలి లేచింది. వయసులో చిన్నవాళ్ల బంతులు గాలికి కొట్టుకుపోతుంటే, ఫియోనా వాళ్ల ఊళ్లో నేర్చుకున్నట్టు తక్కువ ఎత్తులో కొట్టుకుంటూ ముందుకొచ్చింది. చివరి గుంట దగ్గరికి ఒక్క దెబ్బ ఆధిక్యంతో వచ్చింది. నాలుగడుగుల దూరం మిగిలింది. వేస్తే గెలుపు, తప్పితే లెక్క సమానమై, గెలుపు తేలేదాకా ఇద్దరూ మళ్లీ ఆడాలి. తాడు అవతల నిలబడి నేను ఆమె మణికట్టునే చూస్తున్నాను. ఆమె వంగింది, ఎడం చెయ్యి కిందికి వచ్చింది, కర్ర కదిలింది. చెయ్యి ఉలిక్కిపడలేదు. బంతి గుంట మధ్యలో పడిన చప్పుడు నాకు వినిపించింది.

పదిహేనేళ్లకి మొదటి గెలుపు. ఆమె కర్ర కింద పెట్టేసి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించింది. ఇంతకుముందు ఆమెని ఓడించిన అమ్మాయిలే పరిగెత్తుకొచ్చి, ఆ ఆటలో గెలిచినవాళ్లకి చేసేట్టు, ఆమె తల మీద నీళ్లు కుమ్మరించారు. వచ్చే రెండేళ్లూ టూర్‌లో ఎవరి దయా లేకుండా ఆడే అర్హత ఆ గెలుపుతోనే వచ్చింది. వాళ్లమ్మకి వీడియో కాల్ చేస్తే, ఆవిడ కళ్లు తుడుచుకుంటూనే "జుట్టు ఆరబెట్టుకో, జలుబు చేస్తుంది" అంది.

ఈ ప్రయాణం గురించి రాయమని అడిగినవాళ్లంతా, హంసలదీవి ఉన్న ఆ దివిసీమని ఒక్క రోజులో చూడొచ్చా అని అడిగారు. చూడొచ్చు, కానీ పొద్దున్నే బయల్దేరాలి. నేను పుట్టి పెరిగిన ప్రాంతం చూపించడానికే ఆమెని తీసుకెళ్తున్నాననుకున్నాను. వైద్యంలో నాకు పదేళ్ల అనుభవం ఉంది. అయినా ఒక చెయ్యి బాగైందని ఆ మనిషిని నమ్మించడం నా వల్ల కాలేదు. ఆ పని, తమ పనిలో తామున్న మనుషుల వల్ల, ఒక్క పగటిపూటలో అయింది. అప్పటినుంచి నా దగ్గరికొచ్చే ప్రతి ఒక్కరినీ, దెబ్బ తగలకముందు మీ చేత్తో ఇష్టంగా ఏ పని చేసేవాళ్లు అని అడుగుతున్నాను. వ్యాయామాలు ఆ తర్వాత. ఇక వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క మాట: హంసలదీవి దగ్గర సముద్రం లోతు తెలీదు, స్నానానికి దిగకండి, తాగే నీళ్లు అవనిగడ్డలోనే కొనుక్కోండి, ఎవరికైనా ముఖ్యమైన కబురు చెప్పాల్సి ఉంటే కోడూరు దాటకముందే చెప్పేయండి.